కనీస వేతనం పెంచితే మా టిఫిన్ సెంటర్ నడుస్తుందా? (లెక్కలతో రండి)

#1 ఇడ్లీపాత్ర_బెజవాడ
నమస్కారమండీ. బెజవాడలో చిన్న టిఫిన్ సెంటర్ నాది, పెట్టి 11 ఏళ్లయింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేశాయి, ఇక కనీస వేతనం అన్ని రకాల పనులకూ వర్తిస్తుంది, జాగ్రత్త అని మా ఆడిటర్ గారు భయపెట్టారు. యూనియన్ల వాళ్లేమో నెలకి 26,000 అంటున్నారు. అదే నిజమైతే నేను షట్టర్ దించేసి, నా వంటమాస్టర్ దగ్గరే పనికి చేరాలి.

నా దగ్గర ఏడుగురు. దోసె మాస్టర్ రోజుకి 1,100. ఇడ్లీ, వడ చూసే ఆయన 800. టీ మాస్టర్ 700. సప్లయర్లు ఇద్దరు, చెరో 550. గిన్నెలు కడిగే ఆడవాళ్లు ఇద్దరు, చెరో 350. మొత్తం 4,400. కౌంటర్ సుమారు 16,000 వస్తుంది. మినప్పప్పు, నూనె, 19 కేజీల సిలిండర్, అద్దె, డెలివరీ యాప్ కమిషన్ పోగా మిగిలేది చెబితే నవ్వుతారు. పెంచమనడం తేలిక. ఎక్కడి నుంచి తెచ్చి పెంచాలి?

#2 డల్లాస్_బావ
అన్నా, పాయింట్ కరెక్ట్. ప్రభుత్వం రేటు పెడితే చిన్నవాడు చస్తాడు, పెద్ద చైన్ బతుకుతుంది. రేటు మార్కెట్ తేలుస్తుంది. ఇక్కడ టెక్సస్‌లో చట్టం ప్రకారం గంటకి 7.25 డాలర్లే. 2009 జులై నుంచి పైసా మారలేదు. అయినా ఆ రేటుకి ఎవడూ రాడు, బర్గర్ షాపు తలుపు మీద రెట్టింపు రాసి పెడుతున్నారు.

#3 ఒంగోలు_అమ్మాయి
బావగారూ, ఆ టెక్సస్‌లోనే టిప్పుల మీద బతికే సర్వర్‌కి యజమాని ఇవ్వాల్సిన కనీసం 2.13 డాలర్లు అని కూడా చెప్పండి. అది 1991 నుంచి మారలేదు. మార్కెట్ తేల్చిందా దాన్ని?

#4 పీఎఫ్_చలానా
హైదరాబాద్‌లో పేరోల్, లేబర్ రిటర్న్‌లు చూసే పని నాది. ముందు భయాలు తీసేద్దాం.

26,000 అన్నది డిమాండ్, చట్టం కాదు. వేతనాల కోడ్ 2019లోనే పార్లమెంటు దాటింది, అమలు ఇప్పుడు. కేంద్రం ఒక ఫ్లోర్ వేజ్ ప్రకటిస్తుంది, రాష్ట్రాలు అంతకు దిగకూడదు. ఇంతకుముందు దేశం మొత్తానికి చెప్పిన ఫ్లోర్ 2017 నుంచి రోజుకి 176 రూపాయలు. అది సలహా మాత్రమే, చట్టబలం లేదు. 2019లో అనూప్ సత్పథి కమిటీ 375 చెయ్యమంది, చెయ్యలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ రంగానికో జీవో, జోన్‌కో రేటు, పైన ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారే వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) ఉంటాయి.

ఇక ఇడ్లీపాత్ర గారూ, మీ లెక్కలోనే జవాబుంది. మీ ముగ్గురు మాస్టర్లకూ ఈ చట్టంతో పనే లేదు, వాళ్లు ఎప్పుడో దాటేశారు. సప్లయర్లు అంచున ఉన్నారు. చట్టం తగిలేది గిన్నెల దగ్గర కూర్చున్న ఇద్దరికే. వాళ్లు ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి వెళ్తారు?

#5 ఇడ్లీపాత్ర_బెజవాడ
పొద్దున్న 5కి వస్తారండి, మధ్యాహ్నం 3కి వెళ్తారు. వారానికి ఆరు రోజులు. టిఫిన్, టీ మావే. పండక్కి చీర పెడతాం.

#6 పీఎఫ్_చలానా
చీర సంగతి తర్వాత. వారానికి 60 గంటలన్నమాట. 48 దాటిన ప్రతి గంటకూ ఓటీ (ఓవర్‌టైమ్), అంటే రెట్టింపు. 8 గంటల రేటు 440 అనుకుందాం (మీ జోన్ రేటు మీ జీవోలో చూసుకోండి, ఇది లెక్క కోసమే). గంటకి 55. 48 గంటలకి 2,640. మిగతా 12 గంటలకి 110 చొప్పున 1,320. వెరసి వారానికి 3,960. మీరిస్తున్నది 2,100.

తక్కువ ఇచ్చినట్టు తేలితే కోడ్‌లో జరిమానా 50,000 దాకా ఉంది. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఎవరైనా వచ్చి చూస్తే కదా. ఆ వచ్చే ఆయన పేరు ఇప్పుడు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్. సగం పోలీసు, సగం బంధువు.

#7 గేట్_నం_2
గంటకి 35 పడుతుంది ఆమెకి. ఉపాధి హామీలో 2025-26కి మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకి 307.

#8 ఇడ్లీపాత్ర_బెజవాడ
చలానా గారూ, గంటల లెక్క నేనెప్పుడూ వేయలేదండి, నిజం చెప్తున్నా. మా నాన్న హోటల్లో అయితే తెల్లారగట్ట 3 నుంచే పని. రోజు కూలీ అంటే రోజు కూలీ. గంటలు లెక్కపెట్టుకునే అలవాటు మా లైన్లోనే లేదు.

కానీ ఒక్కటి వినండి. గిన్నెల వాళ్లని 500 చేశాననుకోండి, 300 పెరిగింది. సప్లయర్లు ఊరుకోరు, చెరో 50, ఇంకో 100. అప్పుడు దోసె మాస్టర్ గరిటె కింద పెట్టి నా వంక చూస్తాడు. ‘గిన్నెలకి 500 అయితే నాకెంత అన్నా?’ అంటాడు. ముగ్గురు మాస్టర్లకీ వంద వంద, 300. మొత్తం 700. కిందవాడికి ఒక రూపాయి పెంచితే పైవాడికి ఇంకో రూపాయి. ఇది ఏ జీవోలో రాసుంటుంది?

#9 బ్లాక్‌బోర్డ్
డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఇడ్లీపాత్ర గారు చెప్పింది నిజమైన సంగతే. కనీసం పెరిగితే దాని పైన ఉన్న మెట్లన్నీ కాస్త జరుగుతాయి. అయితే మీ లెక్క మీరే పూర్తి చేయండి. బిల్లు సగటున 40 అనుకుంటే రోజుకి 400 ప్లేట్లు. మాస్టర్లను కలుపుకున్నా 700, అంటే ప్లేటుకి రూపాయి ముప్పావలా. కింది నలుగురికే పెంచితే 400, ప్లేటుకి సరిగ్గా రూపాయి. ఓటీ కలిపితే ఇంకా పెరుగుతుంది, ఒప్పుకుంటాను. దానికైనా షట్టర్ దించేంత లేదు.

దీని మీద ఎకనామిక్స్‌లో పెద్ద గొడవే నడిచింది. మేం చదువుకునే రోజుల్లో బోర్డు మీద రెండు గీతలు గీసి, రేటు పైకి పోతే ఉద్యోగాలు పోతాయని చెప్పి చాక్‌పీస్ కింద పెట్టేవారు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీ కనీస వేతనం 4.25 నుంచి 5.05 డాలర్లు అయింది, పక్కనున్న పెన్సిల్వేనియాలో మారలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ షాపులకు ఫోన్లు చేసి, పెంపుకి ముందు ఎంతమంది పనివాళ్లు, తర్వాత ఎంతమంది అని అడిగారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. 1994లో అచ్చయిన ఆ పరిశోధనను న్యూమార్క్, వాషర్ అనే వాళ్లు జీతాల రికార్డులు తెచ్చి కాదన్నారు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. క్రూగర్ 2019లోనే పోయాడు.

తగ్గకపోవడానికి చెప్పే కారణాల్లో ఒకటి మనకి బాగా తెలిసిందే. మీ దగ్గర గిన్నెలు కడిగే ఆమెకి మీ హోటల్ కాకపోతే ఇంకెన్ని చోట్ల పని దొరుకుతుంది? నడిచి వెళ్లే దూరంలో ఇద్దరు ముగ్గురు యజమానులే ఉంటే రేటు మార్కెట్‌ది కాదు, ఆ ఇద్దరు ముగ్గురిది. అలాంటి చోట చట్టం కాస్త పైకి నెట్టినా పని పోదు. మరీ నెడితే పోతుంది. ఆ గీత ఎక్కడన్నదే అసలు గొడవ.

#10 ఇడ్లీపాత్ర_బెజవాడ
మాస్టారూ, న్యూజెర్సీలో తోపుడు బళ్లు ఉన్నాయా? మా వీధి చివర మొగుడూ పెళ్లాల బండి ఉంది. జీతం లేదు, అద్దె లేదు, ఓటీ లేదు. నేను ఇడ్లీ రూపాయి పెంచితే ఆయన పెంచడు.

ఎదురు హోటలైతే మొత్తం మార్చేశాడు. టోకెన్, సెల్ఫ్ సర్వీస్, కుర్చీలు తీసేసి నిలువు బల్లలు. స్టీలు ప్లేటు మీద ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద ఇడ్లీ పెడతాడు. తినగానే కవరు తీసి డస్ట్‌బిన్‌లో, ప్లేటు మళ్లీ దొంతరలోకి. కవరుకి అర్ధరూపాయి కూడా పడదు. గిన్నెల దగ్గర ముగ్గురుండేవారు, ఇప్పుడు ఒక్కతే, అదీ చట్నీ గిన్నెలకి. వేడి సాంబారు ప్లాస్టిక్ మీద పోసుకుని తింటున్నారు జనం. నాకు అది చేయాలని లేదండి. కానీ 3,960 లెక్క వింటే ముందు గుర్తొచ్చింది ఆ కవరే.

#11 బ్లాక్‌బోర్డ్
కవరు సంగతికి నా దగ్గర జవాబు లేదు. మంచి ఉదాహరణ ఇచ్చారు, రేపు క్లాసులో చెప్తా.

#12 సాంచ_చప్పుడు
నాది సిరిసిల్ల. గంటకింత, రోజుకింత అని మీరంత మాట్లాడుతుంటే నాకు నవ్వొస్తుంది. మా నాయిన 30 ఏండ్లు సాంచలు (బట్ట నేసే పవర్‌లూమ్‌లు) నడిపిండు. రోజు కూలి అన్నదే లేదు మాకు. ఎంత బట్ట దిగితే అంత పైస. కరెంటు పోతే కూలి పోయినట్టే. పోగు తెగుతే అతికేదాక సాంచ ఆగుతది, గా టైముకు కూలి ఎవ్వడియ్యడు. శనివారం నాడు ఆసామి (సాంచల ఓనరు) దగ్గర కూసుంటే పుస్తకంల గీతలు చూసి లెక్క కడుతడు. గిదీ మా పేస్లిప్పు.

మీటరుకు పైసలు పెంచుమని సమ్మె చేస్తరు, ఆసామి ఏమంటడు? నాకే సేటు ఇస్తలేడు, నేనెక్కడికెల్లి తేవాలె అంటడు. ఆసామిది గూడ అబద్ధం కాదు. ఆయనకున్నయి ఎనిమిది సాంచలు, నూలు సేటుది, బట్ట సేటుది. ఆయన గూడ కూలోడే, పేరుకు ఓనరు.

2017ల బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినంక కూలి మంచిగ పడ్డది, అందరికి ఎర్కే. రేటు పెట్టింది చట్టం కాదు, ఆర్డరిచ్చిన సర్కారు. 2024ల ఆ చీరలు బంద్ అయినయి. సాంచలు ఆగినయ్. అప్పుడు కనీస వేతనం వెయ్యి అన్నా మాకు ఒరిగేదేం లేదు. మళ్ల మహిళా శక్తి చీరల ఆర్డరు వచ్చినంకనే చప్పుడు మొదలైంది. పని ఉంటెనే రేటు ముచ్చట.

#13 పీఎఫ్_చలానా
సాంచ తమ్ముడూ, పీస్ రేటుకీ కనీసం ఉండాలని 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉంది. పని తక్కువ దిగినా ఇంతకు తగ్గకూడదు అనే టైమ్ రేటు హామీ కూడా పెట్టొచ్చు. కాగితం మీద లేనిదంటూ లేదు.

కాగితం అంటే గుర్తొచ్చింది. తెలంగాణలో 2021 జూన్‌లో 5 రంగాలకు కొత్త కనీస వేతనాల జీవోలు ఇచ్చారు. గెజిట్‌లో అచ్చు వేయలేదు. అచ్చు కాకపోతే అమలు కాదు. హైకోర్టు దాకా వెళ్లింది. అప్పట్లో నా క్లయింట్ ఒకాయన కొత్త రేటుకి జీతాల షీట్ చేయించి, నెలాఖరుకి ‘గెజిట్ రాలేదుగా, పాతదే వెయ్యి’ అన్నాడు. రెండు షీట్లూ నేనే చేశాను. ఒక్కో మనిషికి ఎంత తేడా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ చెప్పను, కడుపు మండుతుంది.

#14 డల్లాస్_బావ
అంటే నేను అన్నదే కదా! చట్టాలు దండగ. ఎవరికి ఎంత విలువో మార్కెట్ ఇస్తుంది. ఇష్టం లేకపోతే వేరే పని చూసుకోవచ్చు.

#15 ఒంగోలు_అమ్మాయి
వేరే పని చూసుకోవాలా? మా అమ్మ అంగన్‌వాడీ టీచర్. 24 ఏళ్ల సర్వీసు. ఆంధ్రాలో 11,500. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆ ఒక్క మాటతో కనీస వేతనాల చట్టం గుమ్మం బయటే ఆగిపోతుంది. పప్పులు తూకం వేసేది, పిల్లల బరువు చూసేది, యాప్‌లో ఫొటోలు ఎక్కించేది, ఎన్నికలప్పుడు తిరిగేది మాత్రం ఉద్యోగిలాగే.

2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగారు, 42 రోజులు. మధ్యలో 2024 జనవరి 6న ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సర్వీసుల్లో సమ్మెను నిషేధించే చట్టం) పెట్టింది. తమాషా చూడండి: జీతం అడిగితే మీరు ఉద్యోగులు కాదు, స్వచ్ఛంద సేవ. సమ్మె చేస్తే మీది అత్యవసర సర్వీసు. అమ్మ ఆ నెలన్నర కలెక్టరేట్ ముందు టెంటులో కూర్చుంది. చలికి దగ్గు పట్టుకుని మార్చి దాకా వదల్లేదు. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకూ గ్రాట్యుటీ వర్తిస్తుందని చెప్పింది, అది చదివి వినిపిస్తే అమ్మ అడిగిన మొదటి మాట ‘మరి జీతం?’

కాబట్టి బావగారూ, ఇడ్లీపాత్ర గారిని అనేముందు కనీసం ఇవ్వని అతి పెద్ద యజమాని ఎవరో చూడండి. డల్లాస్‌లో ఏసీలో కూర్చుని మార్కెట్ అనడం తేలిక.

#16 మోడరేటర్
ఒంగోలు గారూ, వ్యక్తిగతం వద్దు. బావగారూ, రెచ్చగొట్టొద్దు. చర్చ దారం బాగుంది, తెంపకండి.

#17 డల్లాస్_బావ
సరే, నా సంగతి చెప్తా. 2014లో ఎంఎస్‌కి వచ్చినప్పుడు నేనూ ఏసీలోనే కూర్చున్నా, గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక. ఓనర్ మన తెలుగాయనే. ఊరు, పేరు వద్దు. గంటకి 5 డాలర్లు, క్యాష్. స్టూడెంట్ వీసా మీద బయట పని చేయకూడదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేను, ఆ సంగతి ఆయనకీ తెలుసు. రాత్రి 10 నుంచి పొద్దున్న 6. కాఫీ మెషిన్ కడిగి, సిగరెట్ ప్యాకెట్లు లెక్కపెట్టి ఇవ్వాలి. ఒకటి తగ్గితే నా డబ్బులోంచి కోత. అక్కడా 7.25 చట్టం ఉంది. అప్పుడు నాకూ కోపం వచ్చేది. ఇప్పుడు మార్కెట్ అని వాగుతున్నానంటే, ఆ రోజులు మర్చిపోయాననే అనుకోండి.

అయినా ఒక మాట. నాకు పని ఇచ్చింది ఆయనొక్కడే. 7.25 ఇవ్వాల్సి వస్తే నన్ను పెట్టుకునేవాడు కాదు. ఈ రెండూ నిజమే, ఏం చెప్పమంటారు.

#18 దోహా_జగిత్యాల
బావ, నీదీ నాదీ ఒక్కటే కథ. ఖతర్‌ల 2021 మార్చి 20 నుంచి అందరికి 1,000 రియాళ్ల కనీసం పెట్టిన్రు. కంపెనీ తిండి పెట్టకపోతే 300, రూము ఇయ్యకపోతే 500 పైన ఇయ్యాలె. నాకు అంతకుముందు 800, మెస్ ఫ్రీ. చట్టం రాంగనే కంపెనీ ఏం చేసిందో తెలుసా? ముందు ఓటీ కోసేసింది. నెలకు ఓటీ మీదనే 400 దాక వచ్చేటియి, అవి పోయినయి. బేసిక్ 200 పెరిగింది, ఓటీ 400 పోయింది. ఆరు నెలలైనంక పని ఎక్కువైతే ఓటీ మల్ల వచ్చింది, అప్పుడు మాత్రం బేసిక్ పెరిగినందుకు ఓటీ గూడ పెరిగింది. మొత్తంల లాభమే అయింది, అబద్ధం ఎందుకు. కని ఆ ఆరు నెలలు ఇంటికి పైసలు తక్కువ పంపిన. అమ్మ ఫోన్‌ల ‘జీతం పెరిగిందన్నవు గదరా’ అని అడుగుతుండె.

ఇంకో ముచ్చట. 2020 సెప్టెంబర్‌ల మన కేంద్రమే గల్ఫ్‌కు పోయేటోళ్ల కనీస జీతం 30 నుంచి 50 శాతం దాక తగ్గిస్తూ సర్క్యులర్ ఇచ్చింది. తక్కువకైతే మనోళ్లకు ఎక్కువ కొలువులు వస్తయని. తెలంగాణ హైకోర్టుల కేసు పడ్డది, గల్ఫ్ సంఘాలు లొల్లి చేసినయి, 2021ల పాత రేటే మల్ల పెట్టిన్రు.

#19 గేట్_నం_2
అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ పని నాది, ఏజెన్సీ ద్వారా. నా పేస్లిప్‌లో 26 రోజులు, 8 గంటలు. డ్యూటీ 30 రోజులు, 12 గంటలు. అపార్ట్‌మెంట్ వాళ్లు నా ఒక్కడి కోసం ఏజెన్సీకి 19,000 కడుతున్నారని సెక్రటరీ సార్ ఒకసారి నోరు జారారు. నా చేతికి 13,200. పీఎఫ్‌లో నా 12 శాతం, కంపెనీ కట్టాల్సిన 12 శాతం, రెండూ నా జీతంలోంచే. యూనిఫాం, బూట్లు మూడు నెలల కోత. సెలవు పెడితే రెండు రోజుల కోత.

వీడీఏ పెరిగినప్పుడు ఏజెన్సీ వాడు అపార్ట్‌మెంట్‌కి బిల్లు పెంచుతాడు. ‘కనీస వేతనాలు పెరిగాయి’ అని లెటర్ కూడా ఇస్తాడు. ఆ లెటర్ గేటు దగ్గర తీసుకుని సంతకం పెట్టేది నేనే.

#20 పీఎఫ్_చలానా
ఈ దారంలో ఇంతకంటే పెద్ద లెక్క ఎవరూ వేయలేరు. గేట్ గారూ, యజమాని వాటా మీ జీతంలో కోయడం చట్టవిరుద్ధం. యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా నంబర్) పాస్‌బుక్ ప్రింట్ తీసి పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టొచ్చు.

#21 గేట్_నం_2
పెట్టొచ్చు సార్. ఆ మర్నాడు ఆ గేటు దగ్గర ఇంకొకరు ఉంటారు.

#22 బ్లాక్‌బోర్డ్
1957లో 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనం ఎలా కట్టాలో రాసింది. ముగ్గురు పెద్దవాళ్లకు సమానమైన కుటుంబం, మనిషికి 2,700 కేలరీలు, ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, పైన వంటచెరకు వగైరాలకి 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు చదువు, వైద్యం కోసం ఇంకో 25 శాతం చేర్చమంది. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం వెట్టిచాకిరీతో సమానమని కూడా చెప్పింది. రేటు ఎంత ఉండాలో మనకి 1957 నుంచీ తెలుసు. ఆ రేటు ఆసామిని, ఏజెన్సీని, గౌరవ వేతనం అనే మాటని దాటుకుని మనిషి చేతికి ఎలా చేరుతుందో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు నాకు. పెంపు వల్ల ఉద్యోగాలు పోతాయా అని న్యూజెర్సీలో కొలవగలిగారంటే అక్కడ పెంపు నిజంగా జరిగింది కాబట్టి.

#23 ఇడ్లీపాత్ర_బెజవాడ (పది రోజుల తర్వాత)
అందరికీ నమస్కారం. గిన్నెలు కడిగే పెద్దావిడని అడిగానండి, ఎంత చేస్తే బాగుంటుందని. ‘మీరు 500 ఇచ్చినా సంక్రాంతి పోయాక ఉండను బాబూ, మిర్చి కోతలకి పోతా’ అంది. ఏటా అంతే. గుంటూరు వైపు ఆటోలో పోతారు, సీజన్లో అక్కడ నాకంటే ఎక్కువ గిట్టుతుంది. రెండో ఆమె చిన్నది. ఆమె అడిగింది వేరు: ‘ఒంటిగంటకి వదిలెయ్యండి, పిల్లోడు అంగన్‌వాడీ నుంచి వచ్చేస్తాడు’ అని.

మొత్తానికి ఇద్దరికీ 420 చేశాను, చిన్నామెని ఒంటిగంటకి పంపిస్తున్నా. సప్లయర్లకి 600. టీ మాస్టర్ అలిగితే ఆయనకీ వంద. బోర్డు మీద ఇడ్లీ, సాదా దోసె ధర 5 రూపాయలు పెంచాను.

#24 పీఎఫ్_చలానా
సంతోషం. కానీ ఆగండి. 140, 100, 100. వెరసి 340. ఆ రెండు ఐటమ్‌లూ రోజుకి ఎన్ని పోతాయి?

#25 ఇడ్లీపాత్ర_బెజవాడ
ఒక 200.

#26 పీఎఫ్_చలానా
200 అయిదులు వెయ్యి. మిగతా 660?

#27 ఇడ్లీపాత్ర_బెజవాడ
జనవరి నుంచి అద్దె పెంచుతానన్నాడండి ఓనరు. పైగా రూపాయి, రెండు పెంచితే జనం చిల్లర గొడవ. ఎలాగూ బోర్డు మారుస్తున్నాం కదా అని...

#28 డల్లాస్_బావ
😂 జీతాలు పెరిగాయని బోర్డు పక్కన రాశావా అన్నా?

#29 ఇడ్లీపాత్ర_బెజవాడ
రాయలేదు. అడిగినవాళ్లకి చెప్పాను.

#30 గేట్_నం_2
మా గేటు ఎదురు హోటల్లో కూడా ఈ వారం ఇడ్లీ 5 పెరిగింది. అడిగితే జీతాలు పెరిగాయి అన్నాడు. నైట్ డ్యూటీ దిగి నేను తినేది అక్కడే.